మిరియం ఫైలు

4 ఫిబ్రవరి 1995, శనివారం. ఉదయం 11.20

మునిర్కాలో పశువుల డాక్టరు దగ్గర నుంచి ఇప్పుడే వచ్చాం. మిరియానికి రెండు కిడ్నీలూ పోయాయట.

మిరియం మా కుక్క. పదమూడేళ్ల కిందట ఆర్.కె. పురం సెక్టర్ నాలుగు మార్కెట్లో కూరల బండి కింద దొరికాడు. నల్లగా, గుండ్రంగా, అరచేతిలో ఇమిడేవాడు కనక మా ఆవిడ సీతారత్నం ఆ పేరు పెట్టింది. క్వార్టర్స్‌లో మిగతావాళ్లందరికీ వాడు కాలూ, అంటే హిందీలో నల్లోడు. రోజూ ఉదయం 9.05కి నన్ను ఆఫీసుకెళ్లే చార్టర్డ్ బస్సు ఎక్కించి ఇంటికి వెళతాడు. సాయంత్రం 6.10కి మళ్లీ అదే స్టాపులో కూర్చుని ఉంటాడు. బస్సు ఆలస్యమైతే వాడు నన్ను చూసే చూపు మా డిప్యూటీ సెక్రటరీకి కూడా చేతకాదు.

డాక్టరు కల్నల్ త్యాగరాజు గారు. చిత్తూరు వైపు మనిషి. సైన్యంలో గుర్రాలకూ కుక్కలకూ వైద్యం చేసి, రిటైరయ్యాక మునిర్కాలో క్లినిక్ పెట్టుకున్నారు. చెప్పేది తిన్నగా చెబుతారు, మెత్తగా చెప్పరు.

"తిండి మానేసి, లేవలేకపోయిన దినం పిల్చుకొని రండి సార్. సూది వేసి నిద్రపుచ్చేస్తాను. ఆలస్యం మాత్రం చేయొద్దండి. మనుషులైతే మూలుగుతారు. ఇవి ఓర్చుకుంటాయి."

మధ్యాహ్నం 3.00

ఏడుపులు అయ్యాయి. సీతారత్నం వంటింట్లో, మా అమ్మాయి భావన బాత్‌రూములో. నేను ఏడవలేదు. ఇంటికి ఒక్కరైనా గట్టిగా ఉండాలి. ఇరవై రెండేళ్లుగా కేంద్ర ప్రభుత్వంలో ఉన్నాను, సెక్షన్ ఆఫీసర్ని, నిర్ణయాలు నాకు కొత్త కాదు.

నిర్ణయం: 19వ తేదీ ఆదివారానికి మిరియం విషయం తేల్చెయ్యాలి.

గమనిక: వాడికి ఒక్క రోజు కూడా అనవసరంగా నొప్పి ఉండకూడదు.

గమనిక 2: చెన్నకేశవులు, అనగా నేను, మెత్తబడకూడదు.

రాసేసరికి మనసు తేలికపడింది. రెండు కప్పుల టీ తాగాను.

5 ఫిబ్రవరి, ఆదివారం. ఉదయం 10.00

పని పద్ధతిగా మొదలుపెట్టాను. ఫైలు తెరిచాను! పచ్చ నోట్‌షీటు, ఎడమవైపు మార్జిను, ట్యాగు. విషయం: మిరియం (కుక్క), వయసు 13, భవిష్యత్తు గురించి. పేరా ఒకటి: జబ్బు. పేరా రెండు: డాక్టరు సలహా. పేరా మూడు: చేయదగినవి. (అ) సూది. (ఆ) మందులు. (ఇ) మరికొంత కాలం చూడడం. చివర 'కుటుంబ సభ్యులు తమ అభిప్రాయం తెలుపవలసిందిగా కోరడమైనది' అని రాసి, పొట్టి సంతకం గీకి, డైనింగ్ టేబుల్ మీద పెట్టాను.

సాయంత్రం 5.00

ఫైలు తిరిగి వచ్చింది. సీతారత్నం రాసింది: 'ఇది కుక్కండీ. ఫైలు కాదు.' కింద సంతకం పెట్టి తేదీ కూడా వేసింది. విషయంలో పస లేదు గానీ తేదీ వేసినందుకు ముచ్చటేసింది.

భావన 'చూశాను' అని ఒక్క ముక్క రాసింది. పదిహేడేళ్లకే ఇలా రాసిందంటే ఈ పిల్ల డైరెక్టరు దాకా వెళుతుంది. చూశాను అన్నవాడికి ఏ బాధ్యతా ఉండదు.

9 ఫిబ్రవరి, గురువారం. ఉదయం 8.10

అర ఇడ్లీ తిన్నాడు!

8.25: కక్కేశాడు.

8.40: అయినా తిన్నాడన్నది రికార్డులో ఉంది. మూడో పేరాలో (ఇ)కి బలం చేకూరింది.

సాయంత్రం 6.45: పొద్దున స్టాపు దాకా వచ్చాడు. దారిలో నాలుగుసార్లు కూర్చున్నాడు. నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. వాడు నా కోసం లేచి మళ్లీ నడిచాడు. బస్సు కిటికీలోంచి చూస్తే అక్కడే పడుకుని ఉన్నాడు. తర్వాత భావన వచ్చి ఎత్తుకెళ్లిందని ఇప్పుడే తెలిసింది.

11 ఫిబ్రవరి, శనివారం. మధ్యాహ్నం 12.30

పై అంతస్తు లీలావతి గారు హోమియో మాత్రలతో దిగారు. ఆవిడ ఈ మాత్రలతోనే వాళ్లాయన షుగరు, పిల్లవాడి లెక్కల మార్కులు, గీజరు తప్ప అన్నీ బాగుచేశారు. కుక్క ఇంట్లో పోతే ఇంటికి మంచిది కాదని, సూది వేయించి పంపితే ఏడు జన్మల పాపమని చెప్పారు. మరి ఎక్కడ, ఎలా పోవాలో అడిగితే, అంతా పైవాడి దయ అని ఒక కప్పు కాఫీ తాగి వెళ్లారు.

నవ్వుకున్నాను. కానీ ఆవిడ అభిప్రాయం ఫైల్లో పెట్టాను. బయటివారి సూచనలు కూడా ఉండాలి కదా.

14 ఫిబ్రవరి, మంగళవారం. రాత్రి 7.30

మిరియం సంగతి ఆలోచించడానికి తీరిక లేదు. పార్లమెంటు ప్రశ్న వచ్చింది. దేశంలో ఎన్ని బావులు ఎండిపోయాయో గురువారంలోగా చెప్పాలట. దేశం ముందా, కుక్క ముందా?

స్టాపు దగ్గర వాడు లేడు. ఇవాళ్టి నుంచి మెట్లు దిగలేకపోతున్నాడట.

17 ఫిబ్రవరి, శుక్రవారం. ఉదయం 7.00

వెనక కాళ్లు పడిపోయాయి. బుధవారం నుంచి తిండి లేదు, నీళ్లు మాత్రం నాకుతున్నాడు. కల్నల్ చెప్పిన రెండు షరతులూ పూర్తయ్యాయని సీతారత్నం అంది. షరతుల్ని అంత అక్షరాలా తీసుకోకూడదని చెప్పాను. నేను గదిలోకి వెళ్లగానే తోక ఊపాడు. పూర్తిగా లేవలేని జీవి తోక ఎలా ఊపుతుంది? కల్నల్‌కి ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. ఆయన ఏమంటారో తెలుసు కనక చెయ్యలేదు.

చాప మీద పాత స్వెట్టరు వేశాను. నీలం రంగుది, నాది. అందులో మూతి దూర్చి పడుకున్నాడు.

19 ఫిబ్రవరి, ఆదివారం. ఉదయం 9.00

ఈ రోజే. గట్టిగా ఉన్నాను. గడ్డం గీసుకున్నాను. ఇస్త్రీ చొక్కా. జేబులో పెన్ను.

మధ్యాహ్నం 1.15

ఇంటికి వచ్చేశాం. నలుగురం.

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. భావన వాణ్ణి దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆటోలో సీతారత్నం విష్ణు సహస్రనామం చదివింది. కల్నల్ సైన్యం అలవాటు మనిషి, కాగితం లేనిదే సూది ముట్టుకోరు. ఒక ఫారం ఇచ్చారు. కుక్క పేరు, వయసు, జబ్బు, యజమాని అంగీకారం, సంతకం. అన్నీ నింపాను. సంతకం దగ్గర పెన్ను ఆగింది.

ఆఫీసులో నాకిష్టం లేని ఫైలు వచ్చినప్పుడు నేను రాసేది ఒకటుంది. 'ప్లీజ్ డిస్కస్.' అంటే వచ్చి మాట్లాడు అని. ఎవరూ వచ్చి మాట్లాడరు. ఫైలు ఒక నెల కదలదు. ఇరవై రెండేళ్లలో కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. చెయ్యి దానంతట అదే రాసేసింది. పొట్టి సంతకం, కింద తేదీ.

కల్నల్ కళ్లజోడు పెట్టుకుని చదివారు. తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఎవరితో డిస్కస్ చేయమంటారు సార్? దానితోనా?"

ఆలోచించుకుని వస్తామన్నాను. ఆయన నొప్పి తగ్గే మందు రాసిచ్చి, ఇది రెండు దినాలు పని చేస్తుందని, ఆ పైన చేయదని చెప్పారు.

ఇంటి మెట్ల దగ్గర భావన నా మొహంలోకి చూసి, "పాపా, ఆప్ ఉస్‌కో నహీ బచా రహే. అప్నే ఆప్ కో బచా రహే హో" అంది. నేను కాపాడుతున్నది వాణ్ణి కాదట, నన్నేనట. తెలుగులో అని ఉంటే తిట్టేవాణ్ణి. హిందీలో వాదించడం నాకు ఎప్పుడూ రాలేదు.

20 ఫిబ్రవరి, సోమవారం. ఉదయం 8.00

గడువు పొడిగింపు: 26వ తేదీ ఆదివారం దాకా. కారణం: మరింత పరిశీలన అవసరం. ఇదే చివరి పొడిగింపు.

24 ఫిబ్రవరి, శుక్రవారం. సాయంత్రం 6.40

మందు పని చెయ్యడం మానేసింది. తాకితే పళ్లు బిగిస్తున్నాడు. మూలగడు. కల్నల్ చెప్పినట్టే.

బస్సు దిగి స్టాపులో కాసేపు నిలబడ్డాను. ఎందుకో తెలియదు. పల్లీలు అమ్మేవాడు "కాలూ కహా హై, సాబ్?" అని అడిగాడు. ఊరెళ్లాడని చెప్పాను.

26 ఫిబ్రవరి, ఆదివారం. ఉదయం 9.30

రేపు మహాశివరాత్రి. పండగ ముందు రోజు ప్రాణం తీసే పని పెట్టుకుంటామా? ఈ పాయింటు నాదే. పంచాంగం సీతారత్నం చేతిలోనే ఉంది, ఆవిడ తెరిచి చూడలేదు.

27 ఫిబ్రవరి, సోమవారం. శివరాత్రి

ఇంట్లో ఇద్దరికి ఉపవాసం. సీతారత్నం శివుడి కోసం. మిరియం నా కోసం.

ఈ వాక్యం రాసినవాణ్ణి నేనే. కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యడం లేదు.

28 ఫిబ్రవరి, మంగళవారం. ఉదయం 8.15

"ఇవాళ తీసుకెళదామండీ" అంది సీతారత్నం. ఇవాళా రేపూ అమావాస్య ఘడియలున్నాయని, గురువారమైతే అన్ని విధాలా బాగుంటుందని చెప్పాను. వర్జ్యం చూడకుండా కూరగాయలు కూడా కొనని మనిషి, పంచాంగం మూసి ఫ్రిజ్ మీద పెట్టేసింది.

1 మార్చి, బుధవారం. ఉదయం 10.50, ఆఫీసు

లీలావతి గారింటి నుంచి సీతారత్నం ఫోన్. ఆటో పిలిచిందట.

"మీరొస్తారా?"

మీటింగు ఉందన్నాను.

"సరే" అని పెట్టేసింది.

మీటింగు లేదు.

11.30: టేబుల్ మీద కాగితాలు సర్దాను.

11.45: పెన్సిళ్లు చెక్కాను. ఏడు.

12.10: ఇప్పుడు బయల్దేరినా మునిర్కా పన్నెండున్నరకి చేరొచ్చు.

12.30: లంచ్ డబ్బా తెరిచాను. పెరుగన్నం. మూత పెట్టేశాను.

సాయంత్రం 6.25, ఇల్లు

చాప ఖాళీగా ఉంది.

క్లినిక్ వెనక ఖాళీ జాగాలో పూడ్చారట. భావన నా స్వెట్టరు కూడా వాడితో పెట్టేసింది. నన్ను అడగలేదు.

ఎలా పోయాడని అడిగాను. చెప్పకుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే అడిగాను.

"సూది వేసేదాకా గుమ్మం వైపే చూశాడు. ఇంకెవరైనా రావాలా అని కల్నల్ గారు అడిగారు. ఎవరూ లేరన్నాను." అంత చెప్పి సీతారత్నం బియ్యం కడగడానికి వెళ్లింది.

ఫారం నకలు టేబుల్ మీద ఉంది. యజమాని సంతకం దగ్గర 'చెన్నకేశవులు' అని నా పేరు రాసి, దాని ముందు 'ఫర్' అని చేర్చి, కింద తన సంతకం పెట్టింది. పెద్ద అధికారి సీట్లో లేనప్పుడు కింది ఉద్యోగి పెట్టే సంతకం అది. ఇరవయ్యేళ్లుగా నేను చెప్పే ఆఫీసు కబుర్లు ఆవిడ వినడం లేదనుకున్నాను.

సిగ్గేసింది. పదమూడేళ్లు నా కోసం స్టాపులో కూర్చున్నవాడికి ఒక్క పూట నేను కూర్చోలేకపోయాను. ఏడ్చాను. బాత్‌రూములో కాదు, వంటింట్లో కాదు, హాల్లోనే.

5 మార్చి, ఆదివారం. ఉదయం 10.00

ఫైలు మూసేద్దామని తీశాను. పచ్చ కాగితం మీద సీతారత్నం రాసినది కనిపించింది. 'ఇది కుక్కండీ. ఫైలు కాదు.' దాని కింద 'అంగీకరించడమైనది' అని రాసి, పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాశాను. సరిగ్గా నాలుగు వారాల ఆలస్యం.

10.40

సీతారత్నం వాడి మెడపట్టా, నీళ్ల గిన్నె, చాప తెచ్చి నా ముందు పెట్టింది. అవి చూస్తూ వంట చెయ్యలేకపోతోందట. వీటి సంగతైనా మీరే చూడండి అంది.

చూస్తాను. ఈసారి నాన్చేది లేదు.

నిర్ణయం: మెడపట్టా, గిన్నె, చాప 19వ తేదీ ఆదివారానికి తేల్చెయ్యాలి.

గమనిక: ఫైలు తెరవకూడదు.

గమనిక 2: ఎవరి అభిప్రాయమూ అడగకూడదు.

గమనిక 3: చెన్నకేశవులు మెత్తబడకూడదు.

సాయంత్రం 6.10

గిన్నె కడిగాను. నీళ్లు పోసి ఎప్పటి చోటే పెట్టాను. 19 దాకా టైముంది.