గౌరి మెడపట్టీ

నాయనా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. మన పుంగనూరు ఆవు గౌరి మెడకు ఇప్పుడొక పట్టీ ఉంది. కుప్పం నుంచి వచ్చే ఇంజనీరమ్మాయి తయారుచేసింది. ఆవు నెమరు తగ్గితే నా ఫోను మోగుతుంది.

పట్టీ కట్టే ముందు ఆ అమ్మాయి, "మీ నాయన ఆవుకు బాగలేదని ఎట్ల కనిపెడతాండె అన్నా?" అని అడిగింది. నువ్వు కొట్టంలో గౌరి పక్కన కూచుని, ఒక్కో ముద్దను మింగేలోపు ఎన్నిసార్లు నమిలిందో వేళ్ళమీద లెక్కపెట్టేవాడివని చెప్పాను. రాసుకుంది. పట్టీ నీ లెక్కతోనే పనిచేస్తోంది. నువ్వుంటే ఎగతాళి చేసి, ఎవరూ లేనప్పుడు నీ వేళ్ళతో సరిచూసేవాడివి.

రోజూ సాయంత్రం నా ఫోను మోగుతోందని చెబితే, నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. "పొద్దుగూకే యాళకు రోజూ కాసేపు నెమరు ఆపేస్తాండాది. పట్టీలోనే తప్పుండాదేమో అన్నా" అంది. పట్టీ మార్చినా అంతే. పశువుల డాక్టరు చూసి ఆవుకేమీ లేదన్నాడు.

ఆ సాయంత్రం నేనే కొట్టంలో కూచున్నాను. గౌరి నమలడం ఆపి, చెవులు దారివైపు తిప్పి నిలబడింది. నువ్వు వేరుశనగ చేను నుంచి దగ్గుకుంటూ వచ్చే వేళ అది. కాసేపటికి మళ్ళీ నమలసాగింది.

ఆ అమ్మాయికి చెప్పాను. "ఆ టైముకు ఫోను మోగకుండా చేసేదా అన్నా?" అంది.

"ఉండనీలేమ్మా" అన్నాను.

ఇది రాస్తుండగానే మోగింది. కొట్టంలోకి పోతున్నాను.