సీసాలో ఎండ

బర్నీ, టాస్మేనియా
జూలై 3, 1996

ప్రియమైన నోలీన్,

ఇది చదివి నువ్వు నవ్వుతావని తెలుసు. అయినా అడుగుతున్నాను. పద్దెనిమిదేళ్ళుగా యెప్పూన్‌లో ఆడవాళ్ళ ఒళ్ళు ఎండకి కాలినట్టు కనపడేలా సీసాలోని రంగు పూసి బతుకుతున్నదానివి. నిన్నుకాక ఇంకెవర్ని అడగను?

అక్టోబరు ఆఖరి శనివారం మా అబ్బాయి క్రెయిగ్ పెళ్ళి, గోల్డ్ కోస్ట్‌లో. పెళ్ళికూతురి తల్లి రోండా సంగతి ఇదివరకే రాశాను. ఏడాది పొడుగునా పడవ మీదే ఉంటుంది, ఒళ్ళంతా కాల్చిన రొట్టె రంగు. ఫోటోల్లో నేను ఆవిడ పక్కన నిలబడాలి. నా గౌనేమో మోకాళ్ళ దాకానే. పదేళ్ళుగా ఈ చలి ఊళ్ళో ఉండి నా కాళ్ళు పిండిముద్దల్లా తయారయ్యాయి.

పోనీ ఎండలో పడుకుందామా అంటే వీల్లేదు. ఆరేళ్ళ కిందట భుజం మీద ఎండవల్ల పుట్టిన చెడ్డ మచ్చని కోసి తీసిన డాక్టరు, ఈ జన్మకి ఇంక ఎండ చాలన్నాడు. మనం చేసుకున్నదే కదా. పదహారేళ్ళ వయసులో ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించుకుని ఇసుకలో పడుకునేవాళ్ళం. బీచిలో ఈతగాళ్ళని కాపాడే క్లబ్బువాళ్ళు గంట కొట్టినప్పుడల్లా "తిరుగు" అని నన్ను గిల్లేదానివి. రెండు వైపులా సమానంగా కాలాలని!

ఇక్కడి మందుల షాపులో ఒక సీసా కొని పూసుకున్నాను. మోకాళ్ళు, మడమలు క్యారెట్ రంగు తేలాయి. మెర్వ్ చూసి, "నిన్నెవరు టీలో నానబెట్టారే?" అన్నాడు. మొగుడు ఆమాత్రం అన్నాక ఇంకేం మిగిలింది? మూడు రోజులు మేజోళ్ళు తొడుక్కునే తిరిగాను.

నవ్వడం అయ్యాక జవాబు రాయి.

నీ గ్లెనిస్

యెప్పూన్, క్వీన్స్‌లాండ్
జూలై 14

ప్రియమైన క్యారెట్టూ,

నవ్వాను. కుర్చీలో ఉన్న కస్టమరుకి చదివి వినిపించాను, ఆవిడా నవ్వింది.

నువ్వు ముదురు రంగు సీసా కొనుంటావు. తెల్లగా ఉన్నవాళ్ళంతా చేసే తప్పే అది. ఒక్కరోజులో రోండా అయిపోదామనుకుంటే ఎలా? నీ ఒంటికి లేత రంగుదే సరి, అదీ రెండు రోజుల తేడాతో రెండు పూతలు. ముందురోజు గరుకు గుడ్డతో ఒళ్ళంతా బాగా తోము. మోచేతులకీ మోకాళ్ళకీ మడమలకీ ముందుగా కాస్త మామూలు క్రీము రాయి. అక్కడ చర్మం మొరటు, రంగుని గటగటా తాగేస్తుంది. లోషన్ జోలికి పోకు. నేను నురగది పంపుతాను, తొందరగా ఆరుతుంది. చేతికి తొడుగు వేసుకుని గుండ్రంగా రాయి, లేకపోతే అరచేతులు నిన్ను పట్టిస్తాయి. ఎనిమిది గంటలు నీళ్ళు తగలకూడదు. పాత దుప్పటి పరుచుకో. బిస్కెట్ల వాసన వస్తుంది, మెర్వ్‌ని ఓర్చుకోమను. వారం నిలుస్తుంది. అన్నట్టు, ఇది రంగే తప్ప ఎండని ఆపదు. టోపీ మానకు.

నీ కాళ్ళ ఫోటోలు పంపు. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, మేజోళ్ళు లేకుండా, పగటి వెలుతురులో. ఒళ్ళు చూడకుండా సీసా ఇవ్వను. అది నా పద్ధతి.

నీ నోలీన్

బర్నీ
జూలై 29

నోలీన్ డాక్టరు గారికి,

ఇవిగో తమరు కోరిన కాళ్ళు. పెరట్లో బట్టల తీగ కింద నిలబెట్టి మెర్వ్ తీశాడు. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో ఏమో. పాలసీసాలు రెండు పక్కపక్కన పెట్టినట్టు లేవూ? చూశాక కాల్చెయ్యి.

గ్లెనిస్

బర్నీ
సెప్టెంబరు 15

బంగారు నోలీన్,

నీ చేతులకి మొక్కాలి! నువ్వు పంపిన నురగతో నాలుగోసారికి చెయ్యి కుదిరింది. మొన్న కసాయి షాపులో అబ్బాయి, సెలవులకి ఎక్కడికెళ్ళొచ్చారని అడిగాడు. ఫిజీ అని చెప్పేశాను. ఇంటికొచ్చి అద్దంలో కాళ్ళు చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో! యాభై ఆరేళ్ళొచ్చాక సిగ్గులేకపోతే సరి.

ఒక్కటే చిరాకు. ఎడమ మోకాలి వెనక ఒకచోట రంగు ముదురుగా పడుతోంది, చిటికెన గోరంత. మిగతాదంతా వెలిసిపోయినా అది మాత్రం పోదు. ఏం చెయ్యను?

ఇంకో మాట. చర్మం చూసే క్లినిక్కు నుంచి ఏడాదికోసారి వచ్చే కార్డు వచ్చింది. ఒంటి మీద పూతలేవీ లేకుండా రమ్మంటారు. అంటే ఇదంతా తోమి వదిలించి, మళ్ళీ పాలసీసానై, మళ్ళీ మొదలుపెట్టాలి. పెళ్ళయ్యాక వెళ్తే ఏమైనా మునిగిపోతుందా?

నీ గ్లెనిస్

యెప్పూన్
సెప్టెంబరు 26

ప్రియమైన ఫిజీ సుందరికి,

మడతల్లో రంగు పేరుకోవడం మామూలే. రోజుకొకరైనా అడుగుతారు. నిమ్మచెక్క మీద వంటసోడా చల్లి స్నానానికి ముందు రుద్దు. వారంలో పోతుంది.

క్లినిక్కు ఎక్కడికి పోతుంది? పెళ్ళయ్యాకే వెళ్ళు. ఇంత కష్టపడి తెచ్చుకున్న రంగుని ఇప్పుడు వదిలించుకుంటానంటే నేనొప్పుకోను. నేను మాత్రం మూడేళ్ళుగా వెళ్ళానా?

పెళ్ళికి రాలేనే, తిట్టకు. గుర్రప్పందాల వారం ముందు నాకు ఊపిరి తిరగదు. పందాల విందుకెళ్ళే ప్రతి ఆడదానికీ టోపీ కంటే ముందు భుజాలకి రంగు కావాలి. నువ్వు ఫోటో పంపు, చాలు.

నీ నోలీన్

బర్నీ
నవంబరు 8

నోలీన్,

గెలిచాం! రోండా నా పక్కనే నిలబడి, నువ్వు ఏ బీచికి వెళ్తావని అడిగింది. యెప్పూన్ అన్నాను, అబద్ధం కాదుగా. క్రెయిగ్ నాతో డాన్సు చేస్తూ, "అమ్మా, నువ్వు ముసలిదానివి అవుతున్నావని ఈమధ్య భయపడ్డాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మొహానికి వేసిన రంగు చారలు కట్టింది కూడా.

నిమ్మచెక్క పనిచెయ్యలేదు. రుద్దితే కాస్త రక్తం వచ్చింది, మరీ గట్టిగా రుద్దానేమో. క్రిస్మస్‌కి రోండా వాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. అదయ్యాక క్లినిక్కుకి వెళ్తాను.

నీ గ్లెనిస్

బర్నీ
ఫిబ్రవరి 2, 1997

ప్రియమైన నోలీన్,

క్రిస్మస్ కార్డుతో నువ్వు పంపిన కొత్త సీసా అందింది. ముందే రాయలేకపోయాను, ఏమనుకోకు.

రంగంతా వదిలించుకుని జనవరిలో క్లినిక్కుకి వెళ్ళాను. డాక్టరమ్మ మోకాలి వెనక భూతద్దం పెట్టి చూసింది. అది రంగు కాదట, చర్మ క్యాన్సరట. కోసి తీశారు. అప్పటికే తొడ దగ్గర బిళ్ళల్లోకి పాకింది. పోయినవారం ఊపిరితిత్తుల్లో కూడా ఉందన్నారు. ఎన్నాళ్ళని మెర్వ్ అడగలేకపోయాడు, నేనే అడిగాను. జూన్‌లో వచ్చే శీతాకాలం చూడకపోవచ్చంది డాక్టరమ్మ.

మెర్వ్ షెడ్డులో కూర్చుని బాగానే ఉన్న గడ్డికోత మిషన్‌ని విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇంతకంటే రాయలేను.

గ్లెనిస్

యెప్పూన్
ఫిబ్రవరి 12

గ్లెన్,

నాలుగుసార్లు రాసి చింపేశాను.

రుద్దమన్నది నేను. పెళ్ళయ్యాక వెళ్ళమన్నది నేను. రక్తం వచ్చిందని నువ్వు రాసిన ఉత్తరాన్ని ఇద్దరు కస్టమర్ల మధ్య నిలబడి చదివాను. రోండా మాట దగ్గర నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాను. దానికి జవాబుగా ఇంకో సీసా పంపాను. నాలాంటిదాన్ని ఏం చెయ్యాలి?

గుర్రప్పందాల సాకు చెప్పకుండా పెళ్ళికి వచ్చుంటే నా కళ్ళతో చూసేదాన్ని. షాపు మూసేశాను. తలుపు మీద సెలవని రాసిపెట్టాను, ఎన్నాళ్ళో రాయలేదు. ఫోన్ చేద్దామని తీస్తాను, మెర్వ్ ఎత్తితే ఏం చెప్పాలో తెలియక పెట్టేస్తాను. నన్ను తిట్టు గ్లెన్. నువ్వు తిట్టకపోతే నేను ఉండలేను.

నోలీన్

బర్నీ
మార్చి 10

ప్రియమైన నోలీన్,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు ఎటు పోతే అటు పోనీ.

నీకొక నిజం చెప్పాలి. ఆ మచ్చ నీ సీసా రాకముందే అక్కడుంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలేది. భయపడి ఎవరికీ చెప్పలేదు. నిన్ను రంగు అడిగింది పెళ్ళి కోసం కాదు, మెర్వ్‌కి కనపడకుండా దాన్ని కప్పుకోవడానికి. నువ్వేం చెప్పినా నేను క్లినిక్కుకి వెళ్ళేదాన్ని కాదు. కాబట్టి ఇందులో నువ్వు చేసిందేమీ లేదు. వింటున్నావా? వెళ్ళి షాపు తెరువు.

ఆ కాళ్ళ ఫోటోలు ఇంకా ఉంచావేమో. కాల్చెయ్యమన్నానుగా. ఈసారి నిజంగా కాల్చెయ్యి, మళ్ళీ తీసి చూడకు.

ఈస్టర్‌కి క్రెయిగ్, కోడలు వస్తున్నారు. నా ఒళ్ళు పాత కాగితంలా పాలిపోయింది. వాడు నన్ను పెళ్ళిలో చూసినట్టే చూసి వెళ్ళాలి. నా చేతికి ఇప్పుడు ఓపిక లేదు. వచ్చి ఒక్కసారి నువ్వు వెయ్యి.

నీ గ్లెనిస్

యెప్పూన్
మార్చి 17

నా గ్లెన్,

చూడకుండా కాల్చమన్నావు. నలభై ఏళ్ళలో నీ మాట నేను ఎప్పుడు విన్నాను గనక?

నేను సీసా పంపకముందు తీసినవే కదా, షాపులో కనుబొమలు సరిచేసే దీపం కింద పెట్టి చూశాను. బట్టల తీగ, పెరటి గడ్డి, నీ రెండు కాళ్ళు. ఎడమ మోకాలి వెనక ఏమీ లేదు గ్లెన్. దోమ కుట్టిన గుర్తు కూడా లేదు.

నమ్మినట్టు నటిద్దామని మూడు రోజులు చూశాను. లేని ఓపిక కూడదీసుకుని రాశావు, నమ్మి ఊరుకుంటే నీకు శాంతిగా ఉంటుందేమో అనుకున్నాను. నా వల్ల కాలేదు. బడిలో కూడా నీకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పాక దాన్ని బయటపెట్టేది దాచెయ్యమని నువ్వే అడిగి దొరికిపోయేదానివి. పోతూపోతూ నా తప్పు కూడా నీ నెత్తికెత్తుకుని పోదామనుకున్నావు. వద్దు. అది నాది, నా దగ్గరే ఉండనీ. నువ్వు నాకోసం అబద్ధం రాశావన్నది ఒక్కటీ నాకు చాలు.

షాపు తెరిచాను, నువ్వు చెప్పావు కాబట్టి. ఇప్పుడు ఎవరొచ్చినా సీసా తియ్యకముందు వెనక్కి తిరగమంటున్నాను. మోకాళ్ళ వెనక, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో చూస్తాను. రంగు వెయ్యడానికి వస్తే డాక్టరులా తనిఖీ ఏమిటని నిన్న ఒకావిడ విసుక్కుని లేచి వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చాను.

గురువారం మధ్యాహ్నం విమానం దిగుతాను. మెర్వ్‌ని రావద్దను, నేనే వస్తాను. నేను చేసింది అతనికి నా నోటితోనే చెప్పాలి.

లేత రంగు తెస్తున్నాను. రెండు పూతలు, తొందరేం లేదు. తొడుగు తీసుకురావడం లేదు. ఉత్త చేతులతోనే పూస్తాను, నా అరచేతులు ఎంత గోధుమరంగు తేలినా తేలనీ. ముందు వైపు అయ్యాక మనం ఇసుకలో పడుకున్నప్పటిలాగే "తిరుగు" అంటాను. మెల్లిగా తిరుగు, నేను పట్టుకుంటాను. ఈసారి చూస్తాను.

నీ నోలీన్