రంగు కింద పగులు

12 జూలై 2016, మంగళవారం. పొద్దున్న జల్లు పడింది, ఆ తర్వాత ఉక్క. నూతి గిలకకు నూనె వేశాను.

మధ్యాహ్నం చెల్లీ బావా వచ్చారు. బావ తన నాన్న తొక్కిన రాడ్ బ్రేకుల సైకిల్‌ను బాగు చేయమని నాకిచ్చి తొమ్మిదేళ్లయింది. రంగు నిన్ననే ఆరింది.

"ఏటి బావా, నాను ముసిలోణ్ణయ్యాక తొక్కమనా?" అంటూ బావ దాన్ని వీధిలోకి దింపేశాడు. చెల్లి క్యారియర్ మీద కూర్చుంది.

ముందు ఫోర్కు మెడ దగ్గర వెంట్రుకంత పగులుండేది. ఇత్తడి పోసి నేనే అతికించాను. అతికించాక రంగు వేయకుండా, బియ్యం బస్తా కట్టుకుని పది రోజులు తొక్కి చూడాలి. అతుకు విడుతుంటే కంటికి కనిపిస్తుంది. నాకిది ఎవరూ నేర్పలేదు, ఒకటి పాడుచేసి నేర్చుకున్నాను. ఈసారి బావ ఎగతాళికి సిగ్గుపడి ముందే రంగు వేసేశాను. ఇప్పుడు విడినా కనిపించదు.

చెప్పాలనుకున్నాను. "మెల్లిగా ఎల్లు బావా" అని మాత్రం అన్నాను.

"సూడే, మీ అన్న సైకిల్ని ఒగ్గలేకపోతన్నాడు" అని చెల్లితో నవ్వాడు.

"సేరగానే ఫోన్ సేత్తాను అన్నయ్యా" అంది చెల్లి.

వాళ్ల ఊరు గజపతినగరం, సైకిల్ మీద గంటన్నర దారి. మధ్యలో వంతెన దిగుడు ఉంది, అక్కడ బావ బ్రేకు పట్టడు. నాలుగింటికి బయలుదేరారు. ఇప్పుడు ఎనిమిదిన్నర. చెల్లికి ఫోను చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

వంతెన దాకా వెళ్లి చూస్తాను. టార్చి తీసుకున్నాను. ఈలోగా ఫోను ఎత్తితే ముందు పగులు సంగతే చెప్తాను. దూడను ఇంకా కట్టేయలేదు, వచ్చాక కట్టేస్తాను.