రాయికోడ్ సముద్రం పంపకం

జహీరాబాద్‌లో ఉంటున్న, చరిత్ర టీచరుగా రిటైరైన, కీర్తిశేషులు కెప్టెన్ సదాశివ భార్య సీతాబాయి అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకున్న వీలునామా. నా తెలివి మీద మనవడు ప్రశాంత్‌కు అనుమానం ఉంది కనుక డాక్టరుకు చూపించుకున్నాను. బాగానే ఉందట. ఆమె సాక్షి సంతకం కింద ఉంది.

1. ఆస్తి నాకెట్లా వచ్చిందో ముందు చెప్పాలి. నా భర్త ఇంగ్లీషు కంపెనీ ఓడల్లో కెప్టెన్. సముద్రం వదిలి వచ్చి, రాయికోడ్ దగ్గర గుట్టెక్కి, దుర్భిణి పెట్టి చూసి, నేలంతా ఖాళీగా ఉందని ప్రకటించాడు. ఆ ఊరి రైతు సంగప్ప తండ్రి ఆయన పక్కనే పశువులు కాస్తున్నాడు. ఆ ఖాళీకి పట్టా తెచ్చుకుని, 'పోర్ట్ సదాశివ' అని పేరు పెట్టి, జెండా కర్ర పాతి, భూపరిమితి చట్టానికి భయపడి నా పేర రిజిస్టరు చేయించాడు. అది భార్య మీద ప్రేమ అనుకున్నవాళ్ళే తర్వాత ఆయనకు ఓట్లు కూడా వేశారు.

2. మండలాధ్యక్షుడయ్యాక ఆయనకు నీళ్ళు లేని లోటు తెలిసివచ్చింది. వాగుకు అడ్డంగా కట్ట పోయించి పడవ దింపాడు. ఎగువన సంగప్ప చేనులో నీళ్ళు నిలిచి అల్లం కుళ్ళిపోయింది. ఊరంతా చెప్పి చూసింది. ఏడు సముద్రాలు దాటినవాడికి నీళ్ళ సంగతి మీరా చెప్పేది అన్నాడు. సంగప్ప భార్య సంగమ్మ మా వాకిట్లో నిలబడి, "సముద్రం ఇడిసి వచ్చిండనుకున్నం అమ్మా, ఎంబడి తెచ్చి మా చేన్ల పోసిండు" అన్నది. ఆయన పాలన గురించి ఇంతకంటే మంచి చరిత్ర నేను చదవలేదు. ఆ చేను ఇప్పటికీ సాగు లేక పడావే.

3. దుర్భిణి మనవరాలు శ్వేతకు. దగ్గరి మనుషులను చూసేటప్పుడు కంటి నుంచి దించాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

4. కెప్టెన్ టోపీ సంగప్ప చేనులో దిష్టిబొమ్మకు. పిట్టలైనా మర్యాద ఇస్తాయి.

5. ప్రశాంత్ చెరువు చుట్టూ 'కెప్టెన్ లేక్ వ్యూ' ప్లాట్లు వేసి, చిరాగ్‌పల్లి హైవే మీద తాత విగ్రహం నిలబెట్టి, ఆపైన ఎన్నికల్లో తాను నిలబడతాడట. "నానమ్మా, నీళ్ళు కనవడితెనే ప్లాట్లు అమ్ముడు పోతయ్. కట్ట జోలికి పోకు" అని నా మంచం మీద కూర్చుని చెప్పాడు. అచ్చం తాతే. కాబట్టి పోర్ట్ సదాశివ, పడవ, చెరువు, చెరువులో ఎన్ని నీళ్ళుంటే అన్ని నీళ్ళూ అతనికే. ఎవరూ అడ్డు చెప్పరాదు.

6. మిద్దె మీద పడుకుని ఆయన నాకు నక్షత్రాల పేర్లు నేర్పాడు. అవి ఎవరికీ రాయడం లేదు.

7. వీలునామా నేను పోయాకే అమలవుతుంది. అల్లం విత్తనం అంతదాకా ఆగదు. పోయినేడు ఆయన పోయాడు, కట్టకు కాపలా పోయింది. ఈ ఉదయం నేను కుర్చీ వేసుకుని కూర్చోగా జేసీబీ కట్ట తెంపింది. కట్ట ఉన్న జాగాను సంగప్పకు ముందే దానపత్రం రాసి రిజిస్టరు చేయించాను. అతను చెప్పులు చేత పట్టుకుని, పోతున్న నీళ్ళ వెంట కొంత దూరం నడిచాడు. పడవ బురదలో ఒరిగింది.

ఐదో అంశంలో మార్పు లేదు.

జహీరాబాద్, 24 మార్చి 2025
(సంతకం) సీతాబాయి

సాక్షులు:
డాక్టర్ ప్రియదర్శిని
నాగరాజ్, వకీలు