తెర మీద నీ పేరు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ వారం జరిగింది ముందు నీకే చెప్పాలి.

మా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు మాకోసం వీడియోలు పెట్టారు. కరీంనగర్ హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లోనే చూడొచ్చు. ఇత్తడి బొమ్మల తయారీ గురించి ఒకటి చూస్తుంటే, మట్టి ఏనుగు మీద మైనపు దారం చుడుతున్న చేతులు కనిపించాయి. నీ చేతులే! మొహం చూపలేదు. కింద ‘ఒక గ్రామీణ మహిళ’ అని ఉంది.

వెంటనే లైబ్రరీ సారు దగ్గరికి వెళ్లి నీ పేరు రాయమన్నాను.

"చేతులు చూసి మీ అవ్వేనని ఎట్ల చెప్తున్నవ్ బిడ్డా?" అన్నారు.

"ఆ చిటికెనవేలు వంకర చూడుండ్రి సార్. నన్ను ఎత్తుకొని వాగు దాటంగ పడితే విరిగింది. నన్ను మాత్రం విడువలే."

ఆయన వీడియో ఆపి చాలాసేపు ఆ వేలినే చూశారు. తర్వాత అది తీసినవాళ్లకు ఫోన్ చేశారు. వాళ్లకు మన ఊరూ, నువ్వు పోసిన చాయా గుర్తున్నాయట.

నిన్న క్లాసులో మేడమ్ ఆ వీడియో పెద్ద తెర మీద వేసి, కింద ఉన్నది గట్టిగా చదివింది: "లచ్చుబాయి, ఇత్తడి బొమ్మల కళాకారిణి, ఆదిలాబాద్." చదివి, "ఈమె ఎవరో ఎవరికన్న ఎరికేనా?" అని అడిగింది.

నేను లేచి నిలబడ్డాను.

"మా అవ్వ, మేడమ్" అన్నాను.