సున్నా శాతం నురగ

సెప్టెంబరు 3, మంగళవారం

మా ఇంట్లో వాళ్ల దృష్టిలో నేను బార్‌లో పని చేస్తున్నాను. ఈ గల్ఫ్ దేశంలో అసలు బార్ అనేదే లేదు. మందు అమ్మితే జైలు, తాగితే జైలు, ఆపైన విమానం ఎక్కించి పంపేస్తారు. ఈ మాట అమ్మకు ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. బార్ ల్యాకపోతే ఆ గ్లాసులో నురగ యాణ్ణించి వచ్చిందే అంటుంది.

అంతా నెల కిందటి ఒక ఫొటో వల్ల. ఫహాహీల్‌లో మా గ్రిల్ రెస్టారెంట్ కౌంటర్ వెనక నేను. చేతిలో పొడుగు గ్లాసు, పైన నురగ, మొహం నిండా నవ్వు. స్టేటస్ పెట్టుకున్నాను. సాయంత్రానికి రాయచోటిలో మా వీధంతా చూసేసింది. బీయస్సీ కెమిస్ట్రీ చదివించింది దీనికేనా అని అమ్మ. నాన్న మాట్లాడటం మానేశాడు. ఆయన మానేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు గానీ.

గ్లాసులో ఉన్నది మాల్ట్ నీళ్లు. ఆల్కహాల్ సున్నా. లేబుల్ మీద ఇంగ్లీషులో, అరబీలో రాసి ఉంటుంది. ఆ లేబుల్ ఫొటో కూడా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. లేబుల్‌దేముంది, ఎవరైనా అతికిస్తారు అని మా పిన్నమ్మ కొడుకు రాశాడు. టెన్త్ రెండుసార్లు తప్పినవాడు.


సెప్టెంబరు 4

ఆ నవ్వు సంగతి ఎక్కడైనా రాసుకోవాలి. ఇక్కడే రాస్తాను.

రిఫైనరీ కాంట్రాక్టు మీద వచ్చిన తెల్లవాళ్లు మా దగ్గర తింటారు. వాళ్లలో ఇద్దరు రోజూ వస్తారు. కీత్‌ది ఇంగ్లండు, డ్వేన్‌ది అమెరికా. ఇద్దరికీ పోసేది ఒకే అట్టపెట్టెలోంచి తీసిన సున్నా బీరు. అయినా ఒకడి గ్లాసు ఇంకొకడు ముట్టడు.

డ్వేన్ మగ్గు ఫ్రీజర్‌లోంచి రావాలి. తెల్లగా మంచు పట్టి ఉండాలి, పట్టుకుంటే వేళ్లు అతుక్కోవాలి. పైన రెండు వేళ్ల మందం నురగ. టేబుల్ దగ్గర నుంచి లేవడు. పది నిమిషాలకోసారి నేనే వెళ్లి అంతా బాగుందా అని అడగాలి. అడగకపోతే చిన్నబుచ్చుకుంటాడు. వెళ్లేటప్పుడు మగ్గు కింద టిప్ పెడతాడు. ఆ నోటు ఎప్పుడూ తడిసే ఉంటుంది.

కీత్‌కి మంచు కనిపిస్తే కోపం. మగ్గు వద్దు, పొడుగు గ్లాసు కావాలి. అంచు దాకా నిండాలి. నురగ ఎక్కువైతే, నేను గాలి తాగడానికి రాలేదు, ఇంకాస్త పొయ్యి అని గ్లాసు వెనక్కి జరుపుతాడు. నేలమాళిగలో ఉండేంత చల్లదనం చాలంటాడు. బయట నలభై ఆరు డిగ్రీలు. ఇక్కడ నేలమాళిగ ఎక్కడ తేను? ఫ్రిజ్‌లోంచి తీసి కౌంటర్ మీద పన్నెండు నిమిషాలు ఉంచితే సరిగ్గా పదకొండు డిగ్రీలకు వస్తుంది. వంటింటి థర్మామీటర్ పెట్టి కనిపెట్టాను. కాలేజీ ల్యాబ్‌లో మూడేళ్లు చేసిన ప్రయోగాల్లో ఒక్కటీ ఇంత కచ్చితంగా రాలేదు.

అంత గడ్డకట్టిస్తే నాలుక మొద్దుబారిపోతుంది, రుచి తెలియకూడదనే మీవాళ్లు అట్లా తాగుతారు అని కీత్. మీవాళ్లు తాగేది గిన్నెలు కడిగిన నీళ్లు అని డ్వేన్. నేను రెండు రకాలూ రుచి చూశాను. గడ్డకడితే ఏ రుచీ లేదు. కాస్త వెచ్చబడితే అడుగంటిన రాగిసంకటి వాసన. ఇద్దరూ చెప్పేది నిజమే.

కీత్ టిప్ ఇవ్వడు. వాళ్ల దేశంలో మనిషే కౌంటర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకుంటాడట. పోసిచ్చిన వాళ్లతో, నువ్వూ ఒకటి తీసుకో అనడం మర్యాదట. ఆ రోజు నాతో అన్నాడు. తీసుకున్నాను. ఇచ్చే చేతికి కూడా దాహం ఉంటుందని ఈ దేశంలో ఒకరు అనుకోవడం అదే మొదటిసారి. నవ్వొచ్చింది. డ్వేన్ ఫొటో తీశాడు.

నేరం ఇంతే.


సెప్టెంబరు 6, శుక్రవారం

సంజీవమ్మత్త వచ్చింది. నాన్నకు అక్క. ఎగైలాలో ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తోంది. నన్ను, మా అన్నను ఈ దేశానికి రప్పించింది ఆమే.

ఆ ఇంటి యజమానురాలిని మామా అంటుంది. ఆ మామా చెల్లెలి ఇల్లూ అక్కడేనట, ఇద్దరు పిల్లలట. ఇంగ్లీషు వచ్చిన పిల్ల కావాలట. ఏసీ గది, కడుపునిండా తిండి. పాస్‌పోర్టు ఆ చెల్లెలి బీరువాలో. ఫోను శుక్రవారం ఒక్క గంట. బయటికి పోవాలంటే వాళ్లతోనే. ఇవన్నీ అత్త సుఖాల కిందే చెప్పుకుంటూ పోయింది. తెల్లోళ్లకు గ్లాసులందిచ్చే కంటే పిల్లోళ్లకు ముడ్లు కడిగేది మర్యాద గాదా అమ్మీ అంది.

రెస్టారెంట్ నుంచి ఆ ఇంటికి మారడానికి ఏజెంట్ రిలీజ్ కాగితాలు తెస్తాడు. ఇరవయ్యో తారీకు నేను సంతకం పెట్టాలి. సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారత్తా అన్నాను. సారాయంగడికి సూపర్‌వైజరా అని పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, మా మామా నన్ను ఒగటే అడుగుతాది, పిల్ల మంచిదేనా అని, నేను నా నోటితో మంచిదని చెప్పాల, ఇన్నేండ్లలో నా మాట పోల్యా, పోనీయొద్దు అంది.

ఆమె చేతులు చూశాను. బ్లీచింగ్‌కి గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా ఊడిపోతోంది.


సెప్టెంబరు 9

నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, అక్టోబరు పది దాకా. రెన్యువల్ మేనేజర్ ఫర్హత్ మేడమ్ చేతిలో లేదు, ఓనర్ చేతిలో ఉంది. సాల్మియా బ్రాంచికి సూపర్‌వైజర్‌గా నా పేరు పంపానంది. అది వస్తే ఎగైలా తప్పుతుంది. ఇక ఉన్న దారి అదొక్కటే.


సెప్టెంబరు 13, శుక్రవారం

మునీంద్రన్న వచ్చాడు. వఫ్రాలో టమోటా తోట, గ్రీన్‌హౌస్ పని. కూరగాయల బండి డ్రైవర్‌ని బతిమాలి ఎక్కి వచ్చాడు. నిన్ను అమ్మ చూసి రమ్మనింది మే అన్నాడు. వచ్చి కూర్చున్నాడు గానీ నా వైపు చూడడు, మెనూ కార్డు వైపే చూస్తాడు. అది చదవలేడు.

తాగి చూడన్నా, నువ్వే చెప్పు అన్నాను. మంచి ఆలోచన అనుకున్నాను. ఇంటి మొత్తంలో బీరు రుచి తెలిసినవాడు వాడొక్కడే. రాయచోటిలో ఏడేళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లో స్ట్రాంగ్ బీరు తాగాడు. ఇక్కడికొచ్చిన మూడేళ్లలో చుక్క ముట్టలేదు.

రెండూ పోశాను. డ్వేన్‌కి పోసినట్టు ఒకటి, కీత్‌కి పోసినట్టు ఒకటి. తేడా వివరించాను. తాగేదానికి గూడా ఇంత చదువుండాదా అని నవ్వాడు. మంచు మగ్గు ఎత్తి నాలుగు గుటకల్లో దించేశాడు. మూతి తుడుచుకుని అప్పుడు నా మొహంలోకి చూశాడు.

ఇది బీరే మే, నాకా జెప్తావు అన్నాడు.

రెండోది మెల్లగా తాగాడు. ఇది ఇంగా స్ట్రాంగు అన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మాట్లాడటం మొదలుపెట్టాడు. తోటలో వాడు కాక ఒక బెంగాలీ, ముప్పై మేకలు. బెంగాలీకి తెలుగు రాదు, వీడికి బెంగాలీ రాదు. ఒగోసారి నేను మేకలతోనే మాట్లాడతాండా, వాటికే నా పేరు తెలుసు అన్నాడు. ఎండకు పడిపోతే ఎవురు చూస్తారు మే నన్ను అన్నాడు. టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాడు. పక్క టేబుల్ వాళ్లు తినడం ఆపేశారు.

సున్నాకి తల తిరగదన్నా అన్నాను. నా తల నాకు తెల్దా అన్నాడు. బండి దాకా తూలుకుంటూ నడిచాడు. నటన కాదు. చెయ్యి పట్టుకుని నడిపించింది నేనే. మూడేళ్లుగా లోపల ఉన్నది ఒక వంకతో బయటికి వచ్చింది. ఆ వంక నేను పోసిచ్చాను.


సెప్టెంబరు 14

అన్న గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నేనే తాగి చూసినా. బీరే. బలే కిక్కుండాది.

నాన్న ఆరు వారాల తర్వాత ఒక మెసేజ్ పెట్టాడు. నాకు కాదు, అత్తకు: ఆ పిల్లను తొందరగా ఇంట్లోకి తోసేయ్.


సెప్టెంబరు 17, మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఖలాస్. ఓనర్ ఈ బ్రాంచి మూసేస్తున్నాడు. రిఫైనరీ కాంట్రాక్టు అయిపోయింది, తెల్లవాళ్లు వెళ్లిపోతున్నారు. సాల్మియా పోస్టు ఓనర్ బంధువుకు ఇచ్చారు. ఫర్హత్ మేడమ్ బ్లీచ్ బకెట్టు మూత తీస్తూ, మూత వైపే చూస్తూ చెప్పింది. నా ఉద్యోగం కూడా పోతోంది బేటీ అంది.

కీత్ ఆఖరిసారి వచ్చాడు. ఐదు నెలల్లో నా పేరు అడగలేదు. ఈ రోజూ అడగలేదు. నువ్వూ ఒకటి తీసుకో అన్న మాట, వాళ్ల ఊళ్లో బల్ల వెనక ఎవరు నిలబడినా అనేదే. అలవాటు. డ్వేన్ టిప్ కూడా అంతే. కీత్ ఆ మాట నన్ను చూసి అన్నాడని నేనే అనుకున్నాను.


సెప్టెంబరు 19, గురువారం

అత్త ఫోన్. రేపు పదింటికి ఏజెంట్ వస్తాడట. తలకు నూనె పెట్టుకుని రమ్మంది. మామాతో పిల్ల మంచిదని ఇంకా చెప్పలేదు, సంతకం ముందర చెప్తా అంది.

ఆ ఇంటి గురించి ఆలోచిస్తున్నాను. పిల్లల తప్పేం లేదు. బహుశా ఆ మామా కూడా మంచిదే. అత్త పద్నాలుగేళ్ల కిందట ఒక ఏడాదికని వెళ్లింది.

నిజం చెప్తే నమ్మలేదు. లేబుల్ చూపిస్తే నమ్మలేదు. పోసి తాగిస్తే ఇంకా నమ్మలేదు. నా నోటి నుంచి వాళ్లు నమ్మే మాట ఒక్కటే మిగిలింది.


సెప్టెంబరు 20, శుక్రవారం, ఉదయం 6:10

గ్రూప్‌లో రాశాను. అవును, తాగుతాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి.

అత్త ఫోన్ చేసి ఏడ్చింది. తాగే పిల్లకు తన నోటితో మాట ఇవ్వలేనంది. ఇవ్వొద్దు అన్నాను. అమ్మ నన్ను గ్రూప్ నుంచి తీసేసింది.

సంతకం పెట్టను. ఎగైలా వెళ్లను. అక్టోబరు పదికి ఎగ్జిట్ తీసుకుని ఈ దేశం వదిలేస్తాను. విమానం దిగినా రాయచోటికి వెళ్లను.