పడవను పిలిచిన గొడుగు

కైతమూల,
వాన తెరిపిచ్చిన సోమవారం

ఏలి చేచ్చికి నీ తమ్ముడు ఔతకుట్టి దండం.

మఠంలో నీకు ఏ పుణ్యాత్మురాలి పేరు పెట్టుకున్నా నా నోటికి నువ్వు ఏలి చేచ్చివే. ఉత్తరం ముందుగా మదర్ చదువుతారని తెలుసు. ఆవిడకీ దండం. ఇందులో పాపం కొంచెమే ఉంది, భయపడొద్దని చెప్పు.

"ఫోన్లో ఏవేవో రాస్తుంటావట, అవన్నీ ఎవరు చదువుతారురా?" అని అడిగావు. ఎవరూ చదివేవాళ్లు కాదు. నా బాతుల మంద నీళ్లలోకి దిగే ఫొటో పెట్టాను. కొత్త చొక్కా తొడిగి నా మొహం పెట్టాను. బాతు వేపుడు పెట్టాను, చూస్తే పోప్ గారికి కూడా నోరూరాలి. కుట్టన్ బావ ఒక్కడే బొటనవేలు ఎత్తేవాడు, అదీ చెయ్యి తగిలి.

అదే సమయంలో మన పక్కింటి లిస్సీ మాడిపోయిన అప్పం ఫొటో పెట్టి "అమ్మ చేతిది అయితే ఇలా ఉండేదా" అని రాసింది. దుబాయ్ నుంచి కూడా ఏడ్చారు. వాళ్లమ్మ పక్క గదిలోనే టీవీ చూస్తోంది.

ఏడో తరగతి దాటనివాణ్ణే కానీ ఈ చదువు మాత్రం మనసు పెట్టి చదివాను. బాగా వండిన కూర చూసి జనం బాగుందనుకుని వెళ్లిపోతారు. మాడిన అప్పం దగ్గర ఆగి తమ అమ్మను తలుచుకుంటారు. మన సంగతి మొత్తం మనమే చెప్పేస్తే వాళ్లకి పనేముంటుంది? ఒక పీట ఖాళీగా వదలాలి. ఎవరి మనిషిని వాళ్లు తెచ్చి కూర్చోబెట్టుకుంటారు.

ఇది తెలిశాక ఊరుకుంటానా? మన రేవులో పడవ ఊరికే ఆగదని నీకు తెలుసుగా. ఎక్కాల్సినవాడు గొడుగు విప్పి పైకెత్తితేనే స్రాంకు చుక్కాని ఇటు తిప్పుతాడు. ఇప్పుడు ఆ పడవ నడిపే స్రాంకు జోకుట్టి. అటక మీద పడి ఉన్న పాత నల్ల గొడుగు తెచ్చి, విప్పి, రేవు స్తంభానికి కట్టి మొగలి పొద వెనక నక్కాను. పడవ ఒళ్లు విరుచుకుంటూ వచ్చి ఆగింది. కండక్టర్ శశి తల బయట పెట్టి, "ఎవడ్రా పిలిచింది? పిలిచి ఎక్కకపోతే ఎలా?" అని రేవుని తిట్టాడు. గంట కొట్టాడు. పడవ పోయింది.

ఫొటో పెట్టి కింద ఇంతే రాశాను: "పడవను పిలిచినవాడు ఎక్కాడు. ఎవరైనా చూశారా?"

సాయంత్రానికి ఫోన్ కాలిన పెనంలా అయింది. కువైట్ నర్సమ్మ ఒకావిడ రాసింది, ఆ గొడుగు మా నాన్నది, పిడి చూసి పోల్చానని. ఇంకొకడు, మా అన్న ఇలాగే గొడుగు కొంచెం ఎడమకి వంచి పట్టుకునేవాడు అని. నాకు నవ్వాగలేదు. నువ్వూ నవ్వుకో, మదర్ చూడకుండా.

నీ తుంటరి తమ్ముడు,
ఔతకుట్టి


కైతమూల,
రోసరీ జపాల అక్టోబరు నెల మొదటి ఆదివారం

ఏలి చేచ్చీ,

నీ జాబు అందింది. "నవ్వు రాలేదు" అని ఒక్క మాటే రాశావు. ఇప్పుడు నాకూ రావడం లేదు.

రోజూ ఒక ఫొటో పెడుతూ వచ్చాను. గొడుగు లేదు, ఏమీ లేదు, ఉత్త స్తంభం, దాని పక్క ఉత్త బల్ల. "ఈవేళా వచ్చాడు" అని రాసేవాణ్ణి. జనం ఆ ఖాళీ బల్ల మీద మనుషుల్ని చూడసాగారు. ఒకరికి తెల్ల పంచె కనిపిస్తుంది. ఒకరికి మెడ తాడుకి వేలాడే వెంతింగం గుడ్డ బిళ్ల కనిపిస్తుంది. నేను ఫొటో పెద్దది చేసి, కళ్లజోడు తుడిచి మళ్లీ చూస్తాను. చెక్క తప్ప ఏమీ లేదు. కాని చేచ్చీ, పదిమంది ఉందన్నాక చెక్కని చెక్కగా చూడటం కష్టం.

పడవలో ముందు బల్ల ఎవరూ కూర్చోకుండా వదిలేస్తున్నారు. నిలబడి వేలాడతారు గాని కూర్చోరు. శశి కసిరాడు: "ఏం, అక్కడ మేకులున్నాయా?" ఒక ముసలమ్మ మెల్లిగా అంది, "ఉన్న మనిషి ఒళ్లో ఎలా కూర్చోమంటావు నాయనా?"

ఇదంతా పోనిద్దును. వక్కచ్చన్ పెళ్లాం రోసిలి సంగతి ఇంతకుముందే నీకు రాశాను కదా. వక్కచ్చన్ పెద్ద వరదలో గొడుగు పట్టుకుని రేవుకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. శవం లేదు కాబట్టి సమాధి లేదు, సమాధి లేదు కాబట్టి ఆమె విధవా కాదు, భార్యా కాదు. అలా ఏళ్ల తరబడి ఎండిపోయింది. జోకుట్టి చేసుకుంటానన్నాడు. బిషప్ గారి అనుమతి ఈమధ్యే వచ్చింది. మూడు ఆదివారాలు చదవాల్సిన వాళ్ల పెళ్లి ప్రకటన గుళ్లో ఒకసారి చదివారు. రెండోది చదవబోతుంటే రోసిలి ఆపించింది.

మర్నాడు రేవులో కనిపించింది. ఒళ్లో టిఫిన్ డబ్బా, అందులో ఉడికించిన కర్రపెండలం, చేప పులుసు.

"పడవెక్కవా రోసిలీ?"

"నేనెక్కితే ఆయనకి చోటుండదు అచ్చాయా."

"చోటుకేమమ్మా, పడవంతా ఖాళీయే."

"మీకు ఖాళీగా కనిపిస్తోంది" అంది, చాలా మర్యాదగా. "మీరే కదా రాశారు, రోజూ వస్తున్నాడని. మీరు రాసేదాకా నేను మరిచిపోయాను. అందుకే కోపం వచ్చి పిలుస్తున్నాడు. అదీ జోకుట్టి పడవనే."

జోకుట్టి ఇంకా పాడైపోయాడు. కల్లు పాకలో నా చొక్కా పట్టుకుని, "గొడుగు లేకపోయినా మీ రేవు దగ్గర నా చెయ్యి దానంతటదే తిరుగుతోంది అచ్చాయా. ఆయన పెళ్లాన్ని నేను చేసుకోబోతూ ఆయన్నే రోజూ మోస్తున్నాను" అన్నాడు. కొట్టి ఉంటే బాగుండేది. ఏడ్చాడు.

ఇంటికొచ్చి నిజం రాసి పెట్టాను: "గొడుగు కట్టింది నేను. తమాషాకి చేశాను. క్షమించండి." ఏమైందో తెలుసా? కుట్టన్ బావ బొటనవేలు. అంతే. కువైట్ నర్సమ్మ మాత్రం జాలిపడింది: "మీకు తెలియకుండా మీ చేత కట్టించారు అచ్చాయా."

అబద్ధంలో ఖాళీ పీట ఉంది, అందరూ వచ్చి కూర్చున్నారు. నిజంలో నేనొక్కణ్ణే ఉన్నాను, నన్ను చూడటానికి ఎవడొస్తాడు? అయితే దారి కూడా అక్కడే ఉందనిపిస్తోంది. ఆ పీట మీద నేనే పోయి కూర్చుంటాను. నా ఈ మచ్చల మొహం అందులో కనిపిస్తే వాళ్ల నాన్నలూ అన్నలూ లేచి వెళ్లిపోతారు.

ప్రార్థించు. ఈసారి మదర్‌ని కూడా చేయమను.

ఔతకుట్టి


కైతమూల,
రోసిలి పెళ్లినాటి పొద్దున్న

ఏలి చేచ్చీ,

పెళ్లి. అవును, నిజంగానే. జోకుట్టితోనే.

కిందటి నెల ఒక ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు జనాన్ని ఆపి అందర్నీ రేవుకి తీసుకెళ్లాను. ఫోన్ స్తంభానికి ఎదురుగా నిలబెట్టాను. సంతలో కొన్న కొత్త గొడుగు విప్పి, బాతుల వలకి వేసే ముడితో ఎలా కట్టానో చూపించాను. పొదలో ఎలా నక్కానో నక్కి చూపించాను. నడుం పట్టేసి లేవలేకపోతే ఇద్దరు లాగారు. పడవ వచ్చి ఆగింది. నేనెక్కి, ఆ ముందు బల్ల మీద కూర్చుని, కాళ్లు చాపి, పళ్లు ఇకిలించాను.

తిట్లు మొదలయ్యాయి. చచ్చినవాళ్లతో ఆటలా అని ఒకడు, బాతులే నిన్ను పొడిచి చంపాలని ఒకత్తె. రోసిలి జనాన్ని తోసుకుని వచ్చింది.

"ఆ పాత గొడుగేదీ?"

"విరిగిపోతే నీళ్లలో పారేశాను."

"నా మీద ఒట్టు పెట్టండి, కట్టింది మీరేనని."

పెట్టాను. ఆమె స్తంభానికున్న కొత్త గొడుగు లాగి నా వీపు మీద విరగ్గొట్టింది. తర్వాత నా పక్కనే, ఆ బల్ల మీదే, కూలబడి చాలాసేపు ఏడ్చింది. జోకుట్టి చుక్కాని వదిలి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పడవ ఎవరూ నడపకుండా ఊగుతూ ఉంది.

నా వీడియోకి కుట్టన్ బావ కూడా బొటనవేలు ఎత్తలేదు. ఊరు ఆ గొడుగు మాట మరిచిపోయింది. నేననుకున్నట్టే అయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మదర్ చదివినా ఫరవాలేదు, మీ గోడ దాటి ఏ మాటా బయటికి రాదు కాబట్టే నీకు రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను.

ఆ గొడుగు నేను కట్టలేదు.

తెల్లారేసరికి బాతుల్ని తోలుకుని రేవుకి వెళ్తే అది స్తంభానికి విప్పి ఉంది. ఆ రాత్రంతా చినుకు పడలేదు. గొడుగు మాత్రం అంచుల నుంచి నీళ్లు కారుస్తోంది. బాతులు ఒక్కటీ అరవలేదు. లోపలి వైపు ఎర్ర దారంతో కుట్టిన గుండ్రటి అతుకు చూశాను. ఆ కుట్టు ఊరందరికీ తెలుసు. "నా పెళ్లాం నా నెత్తిన పొద్దు పొడిపించింది" అని వక్కచ్చన్ అందరికీ చూపించేవాడు. పడవ వచ్చి ఆగింది. నేను పొద వెనక నక్కింది మాత్రం నిజం, భయంతో. శశి తిట్టాడు. అప్పుడు పడవ ఇటు పక్కకి ఒరిగింది చేచ్చీ, బరువైన మనిషి కాలు పెడితే ఒరిగినట్టు. మళ్లీ నిలదొక్కుకుంది. వెళ్లిపోయింది.

రోసిలి చూడకూడదని అతుకు అటువైపు ఉండేలా ఫొటో తీశాను. అసలెందుకు తీశానంటావా? చచ్చేంత భయమేసింది. ఎవడో ఒకడు "ఏముందిరా, ఎవరో మరిచిపోయి ఉంటారు" అంటాడని పెట్టాను, అంటాడనే రోజూ పెడుతూ పోయాను. ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు. ఖాళీ పీట అదీ ఇదీ అని నీకు పెద్ద పాఠం చెప్పాను గాని, జనం దేనికి ఆగారో ఇప్పుడు తెలుసు. బాతు వేపుడు పెట్టినప్పుడు నేను అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ రోజు నా చెయ్యి వణికింది. ఫొటో కొంచెం చెదిరింది. వాళ్లందరూ ఆ వణుకుని గుర్తుపట్టారు.

మూడో ప్రకటన చదివి గుడి ఫాదర్ అడిగారు, ఈ పెళ్లికి అడ్డం ఏదైనా ఎవరికైనా తెలిస్తే చెప్పండని. నేను రోసిలి వెనక వరుసలో ఉన్నాను. ఆమె మెడ వంకే చూస్తూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. ఇది పాపమైతే నా పేరునే రాయించు.

గొడుగు ఇన్నాళ్లూ నా అటక మీదే ఉంది. కింద నేల ఆరలేదు. ఈ పొద్దున దాన్ని తీసుకెళ్లి, విప్పి, స్తంభానికి కట్టాను. ఈవేళ జోకుట్టికి సెలవు, పడవ నడిపేది వేరే ఊరివాడు. వక్కచ్చన్‌తో ఒక మాట అన్నాను: "పాత బాకీలేం లేవురా, ఆవిడ నీ కోసం చాలానే కూర్చుంది. ఇంక ఎక్కు."

వెనక్కి తిరిగి నడిచాను. ఇంజను దగ్గరికొచ్చింది, నెమ్మదించింది. ఆగమని గంట ఒకసారి మోగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, నీళ్లు రాళ్లకి తగులుతున్న చప్పుడు తప్ప. తర్వాత పొమ్మని రెండుసార్లు మోగింది.

నేను తిరిగి చూడలేదు. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్లాను.

గుడి గంట మోగుతోంది, కొత్త చొక్కా తొడుక్కోవాలి.

నీ తమ్ముడు,
ఔతకుట్టి